కింగ్‌పిన్‌ను ఎవరు కొలుస్తున్నారు?

గోదావరిఖని నుంచి ఇందారం, శ్రీరాంపూర్, నస్పూర్ సీసీసీ మీదుగా మంచిర్యాల వచ్చే దారి షిఫ్టు మారే వేళ ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. డ్యూటీకి పోయేవాళ్లూ దిగొచ్చేవాళ్లూ బైకుల మీద ఉంటారు. వాళ్లను ఒరుసుకుంటూ బూడిద బల్కర్లు, సిమెంటు ట్రైలర్లు, ఓపెన్‌కాస్టులకు డోజర్లను మోసుకెళ్లే లోబెడ్‌లు సాగుతుంటాయి. బొగ్గు టిప్పర్ల గొడవ వేరు. టిప్పర్ ఎంత ప్రమాదకరమైనా ఒకే ఛాసిస్ మీద నడిచే బండి. ట్రైలర్‌ను మాత్రం ముందున్న పుల్లర్‌తో కలిపి ఉంచేది రెండంగుళాల కింగ్‌పిన్, దాన్ని పట్టుకునే ఫిఫ్త్ వీల్ లాకు. వేరే ఆధారం లేదు.

అలాంటి ఫిఫ్త్ వీల్‌ను కొనేటప్పుడు బరువెంత తక్కువ, ధరెంత తక్కువ అన్న రెండు ప్రశ్నలతోనే సరిపెట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం. తేలికైన కప్లింగ్ చెడ్డదని మేం అనడం లేదు. అమెరికా జాతీయ రహదారుల మీద లారీ మొత్తం బరువు 80,000 పౌండ్లు, అంటే సుమారు 36 టన్నులు దాటకూడదు. దారిలో తూకం కేంద్రాలు ఉంటాయి. అక్కడ అల్యూమినియం ఫిఫ్త్ వీల్ వేసి కొన్ని పదుల కిలోలు మిగిల్చుకుంటే, ఆ మేరకు సరుకు న్యాయంగా ఎక్కుతుంది. మన దగ్గర 2018 జులైలో కేంద్రం గరిష్ఠ బరువును 49 టన్నుల నుంచి 55 టన్నులకు పెంచింది. ఆపైనా టన్నుల లెక్కన అదనంగా ఎక్కించే యజమాని, కప్లింగ్‌లో యాభై కిలోలు తగ్గాయని మురిసిపోవడం ఏం లెక్క?

అసలు చూడాల్సిన అంకె ఫిఫ్త్ వీల్ ప్లేటు మీదే ఉంటుంది. దాన్ని డీ విలువ అంటారు. కప్లింగ్ ఎంత లాగుడును తట్టుకుంటుందో కిలోన్యూటన్లలో చెబుతుంది. పక్కనే, పైనుంచి ఎంత బరువు మోయగలదో టన్నుల్లో ఉంటుంది. 152 కిలోన్యూటన్లు, 20 టన్నులు అన్నవి చాలా రకాల మీద కనిపించే అంకెలు. 9 టన్నుల పుల్లర్, 46 టన్నుల ట్రైలర్, అందులో 19 టన్నులు ఫిఫ్త్ వీల్ మీద పడుతున్నాయనుకోండి. మొత్తం 55. అంతర్జాతీయంగా వాడే సూత్రం ప్రకారం డీ విలువ సుమారు 138 వస్తుంది. కప్లింగ్ సరిపోతుంది. అదే బండికి ఇంకో 15 టన్నులు ఎక్కించి, అందులో 6 టన్నులు ఫిఫ్త్ వీల్ మీద పడితే డీ విలువ 174కు చేరుతుంది, పైబరువు 25 టన్నులవుతుంది. రెండు హద్దులూ దాటిపోయాయి. అయినా లోహం ఆ రోజే విరగదు. ఇదే అసలు మోసం. గుంతలో దిగినప్పుడల్లా, బ్రేకు కొట్టినప్పుడల్లా కంటికి కనబడని పగులు కొంచెం కొంచెం పెరుగుతుంది. మొన్నటిదాకా ఏం కాలేదన్న ధీమాతో యజమాని ఇంకో ట్రిప్పు పంపుతాడు.

మన్నిక అనేది కొన్న రోజు వచ్చి ఉండిపోయే గుణం కాదు. ఇక్కడి గాలిలో బొగ్గుపొడి, బూడిద ఉంటాయి. అవి గ్రీజులో కలిస్తే ఆ గ్రీజే ఆకురాయిలా పిన్నును, లాకు దవడలను అరగదీస్తుంది. కొత్త కింగ్‌పిన్ వ్యాసం 50.8 మిల్లీమీటర్లు. అది 49కి వస్తే తీసిపారేయాల్సిందే. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, కంటి అంచనాకు అందదు, గేజ్ కావాలి. పగిలిన ఫిఫ్త్ వీల్‌కు షెడ్డులో వెల్డింగ్ పెట్టించి మళ్లీ రోడ్డెక్కించే అలవాటు మరీ ఘోరం. పోత లోహానికి ఇష్టం వచ్చినట్టు వేడి తగిలితే అతుకు పక్కనే కొత్త పగులు పుడుతుంది.

ఈ బెల్టులో కప్లింగ్ విలువ తెలియనివాళ్లు లేరు. హాలేజీ మీద పనిచేసిన ఏ కార్మికుణ్ని అడిగినా, డ్రాబార్ ఊడి డిప్‌లోకి జారిన టబ్బులు ఏం చేస్తాయో చెబుతాడు. అందుకే బొగ్గు గనుల నిబంధనలు స్టాప్ బ్లాకులు పెట్టాలన్నాయి, ఎత్తుకు ఎక్కే టబ్బుల వెనక బ్యాక్‌స్టే తగిలించాలన్నాయి. తప్పితే జవాబు చెప్పాల్సిన అధికారి ఉంటాడు. గని గేటు దాటి రోడ్డెక్కితే అంతకు ఎన్నో రెట్లు బరువున్న బండికి ఆ పట్టింపు ఎందుకు ఉండదు? ట్రైలర్ ఊడితే గాలి పైపులు తెగి దాని బ్రేకులు వాటంతటవే పట్టాలి, నిజమే. ఆ బ్రేకులు బాగుంటే కదా.

డ్రైవర్ మీద నెపం వేయడం తేలిక. ట్రైలర్ తగిలించాక కిందికి దిగి, టార్చి వేసి, ప్లేట్ల మధ్య సందు లేదనీ దవడలు పిన్నును చుట్టూ పట్టుకున్నాయనీ చూడటం, ట్రైలర్ బ్రేకులు వేసి ఉంచి ఒకసారి ముందుకు లాగి చూడటం అతని పనే. ట్రిప్పుల లెక్కన కూలి ఇచ్చి, లోడింగ్ దగ్గర తొందరపెట్టేవాళ్లు ఆ నాలుగు నిమిషాలు కూడా ఇవ్వాలి. అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా చట్టంలో ఉంది. దాన్ని ట్రిప్పు ఖర్చులో కలిపేసుకునే కాంట్రాక్టరు దారికి రాడు. బూడిద, సిమెంటు, యంత్రాల రవాణాకు టెండర్లు పిలిచే సంస్థలు ప్రతి ట్రైలర్‌కూ ఫిఫ్త్ వీల్ డీ విలువ, కింగ్‌పిన్ తాజా కొలత, కొలిచిన తేదీ రాసిన కాగితం అడగాలి. అది లేని బండిని లోడింగ్ పాయింటు దగ్గరే వెనక్కి పంపాలి. రవాణా శాఖ కూడా ఫిట్‌నెస్ పరీక్షలో ట్రైలర్‌ను విప్పించి గేజ్ పెట్టి చూడాలి. తగిలించి ఉన్న ట్రైలర్ కింద కింగ్‌పిన్ ఎవరికీ కనబడదు.