మాఫీ సంగతి తర్వాత, ముందు సర్కారు బాకీ కట్టాలె

విద్యా రుణాలు మాఫీ చేయాలంటున్నరు. చేయాలె, కాదనను. కానీ మన గూడేల్లో బ్యాంకు లోన్ ఎంతమందికి దొరికింది? 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని చేరినం. సర్కారు పైసలు రాలేదని కాలేజీ నా సర్టిఫికెట్లు ఆపింది. మా అమ్మ షావుకారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి విడిపించింది. ఇప్పుడు మిర్చి ఏరి ఆ వడ్డీ కడుతోంది.

2024లో తెలంగాణ సర్కారు 2 లక్షల వరకు పంట రుణాలు మాఫీ చేసింది. మంచిదే. అవి బ్యాంకు అప్పులు. షావుకారి నోటు ఏ మాఫీ లిస్టులకెక్కుతది?

బాకీ పడ్డది మనం కాదు, సర్కారు. మనం కట్టిన ఫీజు మన ఖాతాల్లో వేయాలె. రసీదులు దాచుకోండి, అందరం కలిసి ఐటీడీఏలో అర్జీ పెడదాం.

జై ఆదివాసీ!