గోమేధికానికి చుట్టం

2022 ఏప్రిల్‌లో విజయవాడలో, పడకగదిలో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన మరణించారు. అప్పట్నుంచి మా బళ్లారి బ్రాంచిలో స్కూటర్ లోనుకు వచ్చేవారు వడ్డీ తర్వాత అడుగుతున్నారు, ముందు "సార్, కాలదు కదా?" అంటున్నారు.

కామర్సు చదివినవాణ్ణి, నాకర్థమైన మేరకు చెబుతాను. లిథియం బ్యాటరీలో రెండు ధ్రువాల మధ్య ఉండే ద్రవం మండే గుణం కలది. దాని బదులు గట్టి పదార్థం పెడితే? 2007లో మురుగన్, తంగదురై, వెప్నర్ (ఇద్దరు మన దక్షిణాదివారే!) లిథియం, లాంథనం, జిర్కోనియం, ఆక్సిజన్‌లతో అలాంటిది చేశారు. స్ఫటికపు అమరికలో గోమేధికానికి చుట్టం. మండదు. కాని పింగాణీలా పెళుసు. చార్జింగ్‌లో లిథియం సన్నని పోగులుగా పెరిగి దాని రేణువుల సందుల్లో దూరి షార్ట్ చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

అది బజారుకొచ్చేదాకా స్కూటర్ కొనవద్దని నేననను. బ్యాటరీ పడకగదిలో పెట్టవద్దని మాత్రం ఫారం నింపేటప్పుడే చెబుతున్నాను. కొందరు నవ్వుతారు, నవ్వనీ.