పాత కంప్యూటరు – కొత్త మోసం

నేటి విద్యార్థికి కంప్యూటరు పుస్తకమంత అవసరమైన వస్తువు. కొత్తది కొనే స్థోమత మనలో అందరికీ లేదు; పాతది కొనడంలో నామోషీ ఎంతమాత్రమూ లేదు. అయితే ఆన్‌లైన్ ప్రకటనను నమ్మి, వస్తువును చూడకుండానే సొమ్ము పంపరాదని మా దృఢమైన అభిప్రాయం.

మోసగాడు మన ఆశనే కాదు, మన అవసరాన్ని కూడా పెట్టుబడిగా చేసుకుంటాడు. తాను సైనికోద్యోగిననీ, బదిలీపై వెళ్తున్నాననీ చెప్పి, సగం ధరకే ఇస్తానంటాడు. ముందు బయానా అడుగుతాడు. పిమ్మట రవాణా ఖర్చు అంటాడు. అనుమానిస్తే, సొమ్ము తిరిగి ఇస్తానంటూ క్యూఆర్ కోడ్ పంపుతాడు. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ అక్కరలేదు. పిన్ నొక్కితిమా, తల్లిదండ్రులు నెలల తరబడి కూడబెట్టినది క్షణంలో పోతుంది.

కనుక తెలిసినవారిని వెంటబెట్టుకొని, పగటివేళ, నలుగురు మసలే చోట యంత్రాన్ని చూడాలి. ఛార్జరు తీసివేసి కొంతసేపు నడిపించాలి. బిల్లులోని సీరియల్ నంబరు యంత్రంపై ఉన్నదానితో సరిపోవాలి. బిల్లు లేని చౌక సరుకు దొంగసొత్తు కావచ్చు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, విండోస్ 11 నడుస్తుందో లేదో కూడా విచారించాలి. ఇవన్నీ తృప్తికరంగా ఉన్న తరువాతనే సొమ్ము చెల్లించాలి.

మోసపోయినవారు సిగ్గుతో మిన్నకుండక వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారుతుంది.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే: చదువు ముగించి వెళ్లేవారు తమ కంప్యూటర్లను తరువాతివారికి అమ్ముకునేందుకు ఏటా ఒక దినం కళాశాల ఆవరణలోనే ఏర్పాటు చేయించాలి. ముఖపరిచయమున్న చోట మోసానికి తావు తక్కువ.