ఆరోగ్య శీర్షిక: వెంటిలేటరుపై ఉన్న రోగికి ఎంత మత్తు అవసరం?

ఇంటిపెద్దకు వెంటిలేటరు అమర్చారని తెలిసినపుడు ఇంటెన్సివ్ కేర్ విభాగం వెలుపల నిరీక్షించే ఆత్మీయులు వైద్యుని కోరేది సాధారణంగా ఒక్కటే: "ఆయనకేమీ తెలియకుండా నిద్రపుచ్చండి, డాక్టరుగారూ!" ఈ కోరికలోని ప్రేమను ఎవరూ శంకించరు. కాని గాఢమైన మత్తు అన్ని వేళలా మేలు చేయదని పరిశోధనలు తెలుపుతున్నాయి.

గొంతులో గొట్టమున్న రోగికి నొప్పి, దగ్గు, భయం సహజం. అందువలన ముందుగా మార్ఫిన్, ఫెంటానిల్ వంటి మందులతో నొప్పిని తగ్గించి, ఆ తరువాత అవసరమైనంత మేరకే మత్తుమందు ఇవ్వడం నేటి పద్ధతి. మత్తుమందులలో మిడజోలామ్‌ను రోజుల తరబడి ఇస్తే శరీరంలో పేరుకుని, ఆపిన తరువాత కూడ మెలకువ ఆలస్యమవుతుంది. ప్రొపోఫోల్ ప్రభావం త్వరగా తొలగిపోతుంది. అయితే అది రక్తపోటును తగ్గించవచ్చు. డెక్స్‌మెడెటొమిడిన్ ఇచ్చిన రోగి పిలిస్తే కళ్లు తెరవగలడు. నాడి వేగం తగ్గకుండా కనిపెట్టి ఉండాలి.

చికాగో విశ్వవిద్యాలయ వైద్యులు 128 మంది రోగులపై జరిపిన పరిశీలన 2000 సంవత్సరంలో వెలువడింది. ప్రతిదినం మత్తుమందును కొంతసేపు ఆపి మేల్కొలిపిన రోగులు వెంటిలేటరుపై గడిపిన కాలపు మధ్యస్థ విలువ 4.9 రోజులు, తక్కినవారిలో అది 7.3 రోజులు. మేల్కొన్న రోగి స్వయంగా ఊపిరి తీయగలడేమో వైద్యుడు పరీక్షించవచ్చు. మెదడులో ఏదైనా కొత్త దెబ్బ తగిలినా అప్పుడే తెలుస్తుంది.

మత్తు స్థాయిని కొలవడానికి +4 నుండి -5 వరకు గల ఒక కొలమానం వాడుకలో ఉంది. సున్న అంటే ప్రశాంతమైన మెలకువ. -5 అంటే తట్టి లేపినా స్పందన లేని స్థితి. సాధారణంగా సున్నకు దగ్గరగా, తేలికైన మత్తులో ఉంచాలన్నదే వైద్యుల లక్ష్యం. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవారికి, ఆగని మూర్ఛలున్నవారికి, మెదడులో ఒత్తిడి పెరిగినవారికి మాత్రం గాఢమైన మత్తు తప్పనిసరి కావచ్చు.

కనుక మీవారు కళ్లు తెరిచి, మాట రాక తల్లడిల్లుతున్నట్లు కనిపిస్తే వెంటనే "మళ్లీ నిద్రపుచ్చండి" అని పట్టుపట్టవద్దు. గొట్టం స్వరతంత్రుల మధ్యగా వెళుతుంది గనుక మాట రాదు. అది పక్షవాతం కాదు. "నొప్పి అదుపులో ఉన్నదా? ఈ రోజు మెలకువ తెప్పిస్తున్నారా?" అని వైద్యుని అడగండి. అనుమతి లభిస్తే రోగి చేయి పట్టుకుని, పేరుతోనో, వరుసతోనో పిలిచి, ఎక్కడ ఉన్నారో, ఏ వారమో చెప్పండి. కళ్లజోడు, వినికిడి యంత్రం వాడే అలవాటుంటే తెచ్చి ఇవ్వండి. వ్రాయడానికి పలక లేదా కాగితం అందించండి. తీవ్ర అస్వస్థతలో కలిగే మతిభ్రమను తగ్గించడానికి పరిచితమైన కంఠస్వరం ఎంతో తోడ్పడుతుంది.