మింట వింత – అధికారుల మౌనము

సముద్రముపై గనబడిన వింతతో మన కేమి పని యని హిందూపురము, పెనుగొండ, ధర్మవరము పాఠకులు కొందఱు మమ్ము ప్రశ్నింపవచ్చును. సముద్రము దూరమే, ఆకాశ మందఱికి నొక్కటే.

2004 నవంబరు 14వ తేదీన అమెరికా నౌకాదళమునకు జెందిన ‘నిమిట్జ్’ విమానవాహకనౌకా వైమానికులు దక్షిణ కాలిఫోర్నియా తీరమున కావల, రెక్కలు లేని తెల్లని వస్తు వొకటి నీటిపై సంచరించుట జూచిరి. దళనాయకుడు డేవిడ్ ఫ్రేవర్ సమీపింపబోగా నది తటాలున మాయమయ్యెను. మఱియొక వైమానికుడు తీసిన చలనచిత్రము 2017లో పత్రికల కెక్కెను; రక్షణశాఖ దానిని అధికారికముగ వెలువరించుట 2020 ఏప్రిలులో! పదునైదేండ్లకు బైగా సాగిన యీ మౌనముననే గదా గ్రహాంతరవాసుల కథలు మొలకెత్తి మ్రాకులైనవి!

తుదకు శాసనసభ కోరగా 2021 జూనులో వెలువడిన నివేదికయందు 144 యుదంతములు పరిశీలింపబడెను. నిశ్చయముగ దేలినది యొక్కటియే. అది గాలి తగ్గుచున్న పెద్ద బెలూను. అన్యగ్రహయంత్రములకు సాక్ష్య మేదియు లేదనియు, పెక్కుమంది సామాన్యవస్తువులనే చూచి భ్రమపడిరనియు 2024 మార్చి నివేదిక తెలిపెను. ‘తక్కినవి తెలియలేదు’ అని యొప్పుకొన్నందున నా ప్రభుత్వము కూలిపోలేదు.

మన దేశమున నేమి జరిగెను? 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయముపై గుర్తెఱుగని వస్తువు గనబడగా విమానములు కొన్ని గంటలు నిలిచిపోయెను. రక్షణయంత్రాంగమును గదల్చితిమనియు, నా చిన్న వస్తువు పిమ్మట గానరాలేదనియు వాయుసేన రెండు ముక్కలలో దెలిపెను. ఇంతటితో ప్రజల సందేహము తీరునా?

2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మొగిలిగుండ్ల పొలములలో వింత యంత్ర మొకటి దిగగా జనులు గుమిగూడిరి. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధనసంస్థ బెలూను కేంద్రమునుండి పరీక్షార్థము పంపిన యానపేటిక యని తెలిసినంతనే భయము తొలగెను. సత్యమునకు గల శక్తి యిట్టిది.

రేపు పెనుగొండ కొండపై గాని, ధర్మవరము చెఱువున గాని యట్టిదే దిగినచో మన రైతు ఎవరితో జెప్పుకొనవలెను? తహసీలుదారుతోనా, ఠాణాలోనా? అతనికి బ్రత్యుత్తర మిచ్చు వా రెవ్వరు? ‘వదంతులను నమ్మకుడు’ అను ప్రకటన ప్రత్యుత్తరము గాదు. వదంతిని జంపునది సత్యమే గాని లాఠీ గాదు.

దేశరక్షణ రహస్యమందురా? ఆయుధముల గుట్టు మే మడుగుట లేదు. వార్త స్వీకరించు నధికారి యెవ్వరో, విచారణకు గడువెంతయో ప్రకటింపుడు, ఫలితమును తెలుగున దెలుపుడు, తెలియనిచో దెలియలేదనుడు. సమాచారహక్కు చట్టము 2005లోనే వచ్చినది. చట్ట మిచ్చిన హక్కును ప్రజలు ప్రాధేయపడి పొందవలసిన దుర్గతి యేల?

భయపడుట ప్రజల నేరము గాదు. వారిని చీకటిలో నుంచుట పాలకుల నేరము. ఇకనైన వారు నోరు విప్పుదురు గాక!