విందు ఎవరిది? గొర్రెపిల్ల ఎవరిది?

2025 జూన్ 4 సాయంత్రం బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది నలిగి చనిపోయారు. యాభై మందికి పైగా గాయపడ్డారు. ముందు రోజు రాత్రి అహ్మదాబాదులో రాయల్ ఛాలెంజర్స్ జట్టు తొలిసారి ఐపీఎల్ కప్పు గెలిచింది. తెల్లారేసరికి ఊరేగింపు అన్నారు, సంబరాలు అన్నారు. సుమారు 35 వేల మంది పట్టే స్టేడియం చుట్టూ రెండు మూడు లక్షల మంది చేరారని ముఖ్యమంత్రే చెప్పారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పాతికేళ్ళు అటూ ఇటూ ఉన్న పిల్లలు. బడికి వెళ్ళే చిన్నారి కూడా ఉంది. బయట తల్లులు ఏడుస్తుండగా లోపల సన్మానం కొనసాగింది. రోడ్డు మీద మిగిలింది చెప్పుల కుప్పలు. అలాంటి కుప్పలు ఎత్తే పని ఈ నగరంలో ఎవరిదో మనకు తెలుసు. చీపురు పట్టే పౌరకార్మికులలో చాలామంది తెలుగు మాట్లాడే దళితులే, మన సంఘాల్లో మన పక్కన కూర్చునేవాళ్ళే.

మర్నాటి నుంచి ఒక మాట మొదలైంది. "వెళ్ళమని ఎవరన్నారు? పిచ్చి అభిమానం కాకపోతే ఏమిటి?" ఈ మాట టీవీల్లోనే కాదు, సంఘాల్లో కూడా వినిపించింది. ఆదివారం గుడికి రాకుండా క్రికెట్ వెంట పడితే ఇంతే అన్నవాళ్ళూ ఉన్నారు. అలా అన్నవాళ్ళు లూకా సువార్త 13వ అధ్యాయం మరొక్కసారి తెరవాలి. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ పాపులా అని ప్రభువే అడిగి, కాదని తానే జవాబు చెప్పాడు. చనిపోయినవారి పాపం తూచే పని మనకు ఇవ్వలేదు. మారుమనస్సు పొందమని మాత్రం బతికున్నవాళ్ళకు చెప్పాడు. కాబట్టి మనం అడగాల్సింది ఆ పిల్లలు ఎందుకు వెళ్ళారని కాదు. ఆ గోపురం ఎవరిది, దాని లెక్క ఎవరు చెప్పాలి అని.

లెక్క చెప్పడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. జట్టు యాజమాన్యం క్రికెట్ సంఘాన్ని చూపింది. సంఘం ప్రభుత్వాన్ని చూపింది. ప్రభుత్వం పోలీసు కమిషనరుతో సహా కొందరు అధికారులను సస్పెండ్ చేసింది. ఒక అధికారి సస్పెన్షన్‌ను కొట్టేసిన ట్రిబ్యునల్, అంత జనం రావడానికి జట్టు యాజమాన్యానిదే బాధ్యత అని అభిప్రాయపడింది. జస్టిస్ మైఖేల్ డి'కున్హా కమిషన్ ఈ స్టేడియం పెద్ద జనసమూహాలకు సురక్షితం కాదని తేల్చింది. తర్వాత మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు ఇక్కడి నుంచి నవీ ముంబైకి తరలిపోయాయి. గేట్లు, రోడ్లు, మెట్లు ఆ ఒక్క సాయంత్రంలో ఇరుకైపోలేదు కదా! అంతకుముందు అన్ని సీజన్లలో అక్కడే టికెట్లు అమ్మారు, అక్కడే ప్రకటనలు పెట్టారు.

మన దేశంలో పెద్ద ఆటల నిర్వహణ ఇలాగే సాగుతోంది. లాభం వచ్చినప్పుడు అది ప్రైవేటు సొత్తు. భూమి కావాలన్నా, పోలీసులు కావాలన్నా, శవాలకు పరిహారం ఇవ్వాలన్నా అది ప్రజల బాధ్యత.

ఒక్క పోలిక చూడండి. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులను బీసీసీఐ 48,390 కోట్ల రూపాయలకు అమ్మింది. ఏడాదికి దాదాపు 9,700 కోట్లు. 2025–26 బడ్జెట్‌లో కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖకు కేటాయించింది 3,794 కోట్లు. అంటే దేశంలోని అన్ని ఆటలకు, అందరు పిల్లలకు ప్రభుత్వం పెట్టేదానికి రెండున్నర రెట్లు, రెండు నెలల వినోదానికి టీవీ కంపెనీలు కడుతున్నాయి. ఆ డబ్బు అందుకునే బీసీసీఐ తమిళనాడు సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం. తాను చేసేది క్రీడాభివృద్ధి అనే ధర్మకార్యం కాబట్టి పన్ను మినహాయింపు కావాలని వాదించి, 2021లో ఆదాయపు పన్ను ట్రిబ్యునల్‌లో నెగ్గింది కూడా.

ధర్మకార్యమైతే లెక్కలు జనం ముందు పెట్టడానికి భయమెందుకు? బీసీసీఐ చేసేవి ప్రజా విధులేనని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్న మాడభూషి శ్రీధర్ ఆచార్యులు గారు అది సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని ఆదేశించారు. బీసీసీఐ కోర్టుకు వెళ్ళింది, ఆ ఆదేశం అమలు కాలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. అందులో మంచి లేకపోలేదు. కార్యవర్గాల్లో క్రీడాకారులకు, మహిళలకు చోటు తప్పనిసరి చేసింది, తగాదాలకు ట్రిబ్యునల్ పెట్టింది. సమాచార హక్కు దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ప్రభుత్వం నుంచి ఆర్థిక సాయం తీసుకునే సంఘాలకే అది వర్తిస్తుందని సవరించారు. గుర్తింపు పొందిన సంఘాలన్నీ దాని కిందికి వస్తాయన్న మొదటి ముసాయిదా మాట అలా మాయమైంది. అందరికంటే పెద్ద ఖజానా ఉన్నవాడికే తలుపు మూసుకునే వీలు దొరికింది.

మూసిన తలుపు వెనక ఏం జరుగుతుందో హైదరాబాదులో చూశాం. హైదరాబాద్ క్రికెట్ సంఘం తగాదాలు తెగక 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారిని పర్యవేక్షణకు నియమించాల్సి వచ్చింది. 2025 జూలైలో తప్పుడు పత్రాలతో ఎన్నికయ్యారన్న ఆరోపణపై సంఘం అధ్యక్షుడిని సీఐడీ అరెస్టు చేసింది. ఆరోపణ నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. కానీ ఉప్పల్ స్టేడియం వెనక బస్తీలో పుట్టిన పిల్లవాడు బ్యాటు పట్టి లోపలికి వెళ్ళే దారి ఇన్నేళ్ళ తగాదాల్లో ఎక్కడైనా కనబడిందా?

ఇక్కడి దాకా చెప్పింది ఆటలో వచ్చే డబ్బు గురించి. ఆట కోసం ప్రభుత్వం పెట్టే డబ్బు కథ ఇంకా చేదుగా ఉంటుంది.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు అంటే అందరికీ సురేశ్ కల్మాడీ అరెస్టు, టాయిలెట్ పేపర్ చుట్టలకు పెట్టిన ధర గుర్తుంటాయి. దళిత క్రైస్తవులమైన మనం గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది. షెడ్యూల్డు కులాల అభివృద్ధి కోసం పక్కన పెట్టిన స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ నిధుల నుంచి సుమారు 700 కోట్ల రూపాయలను ఢిల్లీ ప్రభుత్వం ఆ క్రీడల ఖర్చులకు మళ్ళించింది. దళితుల ఇళ్ళకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఉపాధికి వెళ్ళాల్సిన సొమ్ము. సమాచార హక్కు దరఖాస్తులతో ఆ సంగతిని బయటపెట్టింది పౌర సంఘాలు, పోరాడింది దళిత హక్కుల ఉద్యమాలు. 2010 ఆగస్టులో నాటి హోంమంత్రి పి. చిదంబరం అది తప్పేనని రాజ్యసభలో ఒప్పుకున్నారు. అదే క్రీడల పేరుతో ఢిల్లీలో కనీసం 2 లక్షల మందిని గుడిసెల నుంచి ఖాళీ చేయించారని హౌసింగ్ అండ్ ల్యాండ్ రైట్స్ నెట్‌వర్క్ లెక్కగట్టింది.

నాతాను ప్రవక్త దావీదు ముందు నిలబడి చెప్పిన కథ ఇదే కదా. ఊళ్ళో ధనవంతుడికి మందలు మందలుగా గొర్రెలున్నాయి. పేదవాడికి ఒకే ఒక్క పిల్ల, కూతురులా పెంచుకున్న పిల్ల. ధనవంతుడి ఇంటికి అతిథి వచ్చాడు. సొంత మందను ముట్టలేదు. పేదవాడి పిల్లను పట్టుకొచ్చి వండి పెట్టాడు. ఈ కథలో అతిథి మీద కోపం లేదు. విందు మీదా కోపం లేదు. అతిథి మర్యాద గొప్పదే. ఎవరి గొర్రె కోశావన్నదే ప్రవక్త ప్రశ్న. కథ విని మండిపడ్డ రాజుకు, ఆ మనిషి నువ్వేనని వేలు చూపించిన ధైర్యమే ప్రవచనం.

ఇప్పుడు మళ్ళీ అతిథులు వస్తున్నారు. 2025 నవంబరులో 2030 కామన్వెల్త్ క్రీడలను అహ్మదాబాదుకు ఖరారు చేశారు. 2036 ఒలింపిక్స్ కావాలని మన దేశం ఇప్పటికే అడిగింది. స్టేడియంలు లేస్తాయి, ఫ్లైఓవర్లు లేస్తాయి. ఏ పద్దు కింద? ఏ బస్తీ స్థలంలో? 2010లో అడగడం ఆలస్యమైంది, సొమ్ము ఖర్చయ్యాక తెలిసింది. ఈసారి నాలుగేళ్ళ ముందే అడగాలి.

సబ్‌ప్లాన్ నిధులకు ఇప్పుడు చట్టాలున్నాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉద్యమం చట్టాన్ని సాధించింది. అదే ఏడాది కర్ణాటక కూడా చేసింది. అయినా కర్ణాటకలో గ్యారంటీ పథకాల కోసం ఏటా పదివేల కోట్లకు పైగా సబ్‌ప్లాన్ నిధులనే వాడుతున్నారని దళిత సంఘాలు వీధికెక్కాయి. పేదవాళ్ళకు ఇచ్చే పథకం పేరు మీదే ఇంత సులువుగా చెయ్యి పెట్టగలిగితే, జాతి గౌరవం అనే పేరు మీద ఎవరు అడ్డుపడతారు?

"పాస్టర్ గారూ, దేశానికి పేరొస్తుంటే మీకెందుకు కడుపుమంట?" అని అడిగేవాళ్ళు ఉంటారు. దేశానికి పేరు తెచ్చిందెవరో చూద్దాం. విశాఖపట్నం జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలో పనిచేసింది. ఆమె హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. వరంగల్ జిల్లా కల్లెడలో కూలీల ఇంట్లో పుట్టిన దీప్తి జీవాంజిని ఊళ్ళో వాళ్ళే వెక్కిరించారు. ఆమె 2024లో పారిస్ పారాలింపిక్స్ నుంచి కాంస్యం తెచ్చింది. 2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్పు మన దేశం గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ దీపిక ఆంధ్రా–కర్ణాటక సరిహద్దులో మడకశిర ప్రాంతపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. అంధుల క్రికెట్‌ను నడిపే సంఘం ఈ బెంగళూరులోనే, దాతల అండతో నడుస్తోంది. ప్రపంచకప్పు గెలిచి వచ్చాక ఆంధ్ర ఉపముఖ్యమంత్రి ముందు ఆ కెప్టెన్ చేసిన విన్నపం ఏమిటో తెలుసా? మా ఊరికి రోడ్డు వేయించండి అని. వెంటనే మంజూరు చేశారు, సంతోషం. అయితే ఊరికి రోడ్డు రావాలంటే ఊళ్ళో ఒకరు ప్రపంచకప్పు గెలవాలా?

మాది ఆటల మీద కోపం కాదు. పరుగు పందెం మాటల్లో విశ్వాసం గురించి చెప్పిన పౌలు మనవాడే. ఆ పందెంలో ఎవరు పరుగెత్తగలరో నిర్ణయించేది చిన్నప్పుడు దొరికే మైదానం, పాలు, గుడ్డు, బూట్లు, ఒక శిక్షకుడు. ఇవి ఎస్సీ హాస్టల్లో, గురుకులంలో, పల్లె బడిలో దొరికితే పతకాలు వాటంతటవే వస్తాయి. అహ్మదాబాదులో పాలరాయి పరిస్తే రావు.

మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. మిషనరీలు బడులతో పాటు పెద్ద పెద్ద మైదానాలు ఇచ్చి వెళ్ళారు. ఈ నగరంలోనూ, మన జిల్లాల్లోనూ అందులో ఎన్ని దుకాణాలకు, ఫంక్షన్ హాళ్ళకు లీజుకు పోయాయి? ఎన్నింటి గేట్లకు సాయంత్రం అయిదింటికి తాళం పడుతోంది? గంటకు వెయ్యి రూపాయలు కట్టే ఐటీ ఉద్యోగికి దొరికే పచ్చగడ్డి, గోడ అవతలి మురికివాడ పిల్లలకు దొరకకపోతే, బీసీసీఐని అడిగే నోరు మనకు ఎలా వస్తుంది? ముందు మన గేట్లు తెరుద్దాం.

తర్వాత ఈ నాలుగూ అడుగుదాం. ప్రభుత్వ భూమిని, పోలీసులను, పన్ను మినహాయింపును వాడుకునే ప్రతి క్రీడా సంఘం సమాచార హక్కు కిందికి రావాలి. 2030 క్రీడల ప్రతి పద్దునూ ముందుగానే బయటపెట్టి, ఎస్సీ, ఎస్టీ నిధుల నుంచి ఒక్క రూపాయి మళ్ళించలేదని పార్లమెంటులో రాతపూర్వకంగా చెప్పాలి. క్రీడల పేరుతో ఏ బస్తీనీ పునరావాసం లేకుండా కదిలించకూడదు. జనం చేరే ప్రతి వేడుకకూ, లాభం తీసుకునేవాడే చట్టపరంగా బాధ్యుడు కావాలి.

దీనికి పెద్ద సభలు అక్కర్లేదు. ఒక తెల్లకాగితం, పది రూపాయల ఫీజు, సమాచార హక్కు దరఖాస్తు చాలు. మీ సంఘం యువజనులతో ఈ నెలలోనే ఒకటి రాయించండి. మా జిల్లాలో ఎస్సీ సబ్‌ప్లాన్ నిధుల్లో క్రీడలకు ఎంత ఖర్చయింది, ఏ ఊళ్ళో, ఏ మైదానం మీద అని అడగండి. నాతాను రాజభవనానికి వెళ్ళాడు. మనం పోస్టాఫీసు దాకా వెళ్ళలేమా?