రెండువందల ఒకటవ యూనిట్టు



ఛందస్సు గురించి రాస్తానని క్రిందటి టపాలో మాట ఇచ్చి, ఇప్పుడు కరెంటు బిల్లు పట్టుకొని వచ్చాడేమిటని ఆశ్చర్యపడకండి. నల్లగొండ పరిసరాల బడులలో ముప్పైయేళ్ళకు పైగా గణవిభజన చేయించినవాణ్ణి. విశ్రాంతి దొరికాక యూనిట్ల విభజన చేస్తున్నాను. రెండింటికీ ఒక సంబంధం ఉన్నది. అది చివర మనవి చేస్తాను.

మా ఇంట ఫ్రిజ్జు చాలా ఆలస్యంగా అడుగుపెట్టింది. అందుకు అడ్డుపడినవాణ్ణి నేనే. మా సీమ ఎండ పొడి ఎండ. నీడన తడిగుడ్డ చుట్టి పెట్టిన రంజన్‌లో నీరు హాయిగా కంఠం దిగుతుంది. "రంజన్ ఉండగా ఈ తెల్లబీరువా ఎందుకు?" అని వాదించేవాణ్ణి. మా ఆవిడకు మధుమేహం ముదిరి వైద్యుడు ఇన్సులిన్ రాసిననాడు నా వాదం వీగిపోయింది. తెరవని సీసాను 2 నుండి 8 డిగ్రీల మధ్య భద్రపరచాలి. నడివేసవి నల్లగొండలో ఆ పని రంజన్ వల్ల కాదు. నాకు విలాసమని తోచినది ఔషధపేటిక అయి కూర్చున్నది.

మా వీధిలో బట్టలు కుట్టి జీవించే ఒక ఇల్లాలు ఉన్నది. ఆమె తల్లికీ ఇన్సులినే ఆధారం. పోయిన వేసవిలో ఏదో పనిమీద వారింటికి వెళితే ఫ్రిజ్జు ప్లగ్గు ఊడదీసి ఉన్నది.

"ఏమమ్మా, ఖరాబైందా?"

"లేదు సారూ, మంచిగనే ఉన్నది. మీటరు నూటతొంభై దాటింది. రీడింగుకు ఇంక నాలుగు దినాలున్నది. రెండొందలు దాటితే బిల్లంత మేమే కట్టాలె. గందుకే బందు పెడుతున్న."

తలుపు తీసి సీసాను తాకి చూశాను. చల్లదనం లేదు. నాకు మాట రాలేదు. ఇంటికి వచ్చి కాగితం, కలం తీసుకున్నాను.

మొదట ఫ్రిజ్జు అసలు ఎంత తాగుతుంది? దాని వెనుక రాసి ఉన్న వాట్లను 24 గంటలతో గుణించి భయపడేవారున్నారు. అది పొరపాటు. కంప్రెసరు నిరంతరం తిరగదు. లోపల తగినంత చల్లబడగానే ఆగి, వేడెక్కితే మళ్ళీ మొదలవుతుంది. మా చిన్న ఫ్రిజ్జుకు అంటించిన నక్షత్రాల చీటీ ఏడాదికి 180 యూనిట్లని, అంటే నెలకు 15 అని చెబుతుంది. మేము ఒక పెండ్లికి వెళుతూ అన్నీ ఆపి, దానినొక్కదానినే నడవనిచ్చి మీటరు రాసుకున్నాము. నాలుగు దినాలకు 3 యూనిట్లు. నెలకు 22 అనుకుందాము.

ఈ 22 యూనిట్ల వెల ఎంత? ఇక్కడే చిక్కున్నది. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుండి వచ్చిన ధరల పట్టిక ప్రకారం, ఇతర రుసుములు వదిలి, కేవలం యూనిట్ల లెక్క చూడండి. ఫ్రిజ్జు లేకుండా 70 యూనిట్లు వాడే ఇంట అది చేరితే 92 అవుతాయి. అదనపు భారం 68 రూపాయలు. 90 వాడే ఇంట 112 అవుతాయి. ఇల్లు పై తరగతిలో పడి మొదటి యూనిట్టు నుండే ధర మారుతుంది గనుక భారం 176 రూపాయలు. 185 వాడే ఇంట 207 అవుతాయి; భారం 326 రూపాయలు. యంత్రం అదే, చల్లదనం అదే, వెల మాత్రం మూడు విధాలు!

ఇక 2024 మార్చి నుండి వస్తున్న గృహజ్యోతి సున్నా బిల్లులు. 200 యూనిట్ల లోపు వాడిన అర్హులైన పేద కుటుంబం ఏమీ చెల్లించనక్కరలేదు. మంచి పథకం, అందులో నాకు సందేహం లేదు. అయితే 200 దాటితే మొత్తం బిల్లు మీద పడుతుంది. 207 వాడిన ఇంటికి 1,074 రూపాయలు. అంటే ఆ తల్లి భయపడినది ఏడు యూనిట్లకు కాదు, వేయి రూపాయలకు. కుట్టుకూలి మీద బ్రదికే ఇంట వేయి రూపాయలంటే ఎన్ని జాకెట్లో మీరే ఊహించండి.

"హద్దంటూ లేకపోతే పొదుపు ఎలా వస్తుంది?" అని విజ్ఞులు అడుగవచ్చు. హద్దు ఉండవలసినదే. ఎక్కువ వాడినవారు ఎక్కువ ఇవ్వవలసినదే. కాని మెట్టు వేరు, గోతి వేరు. దాటిన యూనిట్లకు పైధర తీసుకుంటే అది మెట్టు. దాటినందుకు వెనుకటి రెండువందలనూ లాగివేస్తే అది గోయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనే ఇండ్ల తరగతులను తొలగించి, ఏ శ్రేణి యూనిట్లకు ఆ శ్రేణి ధర అనే పద్ధతి తెచ్చారు. ఇక్కడ ఎందుకు కారాదు? నాగార్జునసాగర్ 815 మెగావాట్లు, శ్రీశైలం ఎడమగట్టు 900 మెగావాట్లు మన కృష్ణాతీరపు కేంద్రాలే. ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీల పేరు దేశమంతా తెలుసు. ఆ సీమ పేదరాలు మందు చల్లదనానికి జంకవలసి రావడం న్యాయమా?

ఆమెకు నేను చేయగలిగినది స్వల్పం. తలుపు రబ్బరులో కాగితం ఇరికించి లాగితే ఊరకే ఊడివచ్చింది. కొత్త రబ్బరు వేయించాము. గోడకు ఆనించిన యంత్రాన్ని జానెడు ముందుకు జరిపాము. త్రాగునీరు మళ్ళీ రంజన్‌లోకి మారింది. తలుపు తీయడం తగ్గింది. రాత్రి ఆపితే ప్రొద్దున ఆ వేడినంతా తిరిగి తోడవలసిందేనని, మిగిలేది అత్యల్పమని, చెడేది మందని నచ్చజెప్పాను. ఆ సీసాను పారవేసి క్రొత్తది తెప్పించాము.

ఇక ఛందస్సు మాట. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. పిల్లవాడు ఒక పాదంలో 21 రాస్తే ఆ పాదం క్రింద ఎర్రగీత గీసి, ఆ మేరకే మార్కులు తగ్గించేవాణ్ణి. పద్యం మొత్తానికి సున్నా వేసిన పాపం మాత్రం ఏనాడూ మూటగట్టుకోలేదు.

స్వస్తి.